జహ్రాలో అలసంద పాదు

వంటింటి వెనక, ఏసీ నీళ్లు కారే మూల
నాలుగు నూనె డబ్బాలు, పగిలిన టబ్బు ఒకటి.
నా తోట అంతే.
టబ్బులో అలసంద, డబ్బాల్లో గోగాకు, వంగ,
మొలిచీ మొలవని కొత్తిమీర.
విత్తనాలు రాజంపేట సంతలో కొని
చీర మడతలో పెట్టుకొచ్చా.

ఇక్కడ చలి పోయి ఎండ రాకముందు
ఒక్క పక్షం రోజులు
చెట్టుకైనా మనిషికైనా హాయి.
పురుగుకూ అంతే.

ఆ పక్షంలోనే అలసంద చిగుళ్లకు
పేనుబంక పట్టింది.
మొదట ఆవాలు చల్లినట్టు.
మూడోనాటికి కాడే కనపడలేదు.
ఆకు కింద వేలు పెడితే జిగురు,
జిగురుకు చీమలు, ఆ చీమల వెనక ఇంకో బారు,
పందిట్లోకి పిలవకుండా వచ్చి
రెండో విస్తరి అడిగే చుట్టాల్లాగా.

మామా చూసి జమియా నుంచి స్ప్రే తెప్పించింది.
ఎర్ర డబ్బా, దాని మీద వెల్లకిలా పడ్డ బొద్దింక.
"కొట్టు ఉబ్లా, ఖలాస్" అంది.
నా పేరు ఓబులమ్మ.
పదకొండేళ్లుగా ఉబ్లా.
"ఆ కాయలు కూర చేసి మీకే కదా మామా పెట్టేది" అన్నా.
డబ్బా మారు మాట్లాడకుండా
స్నానాల గదికి పోయింది.

నా మందు నాకుంది.
వెల్లుల్లి, పచ్చిమిరప నూరి రాత్రంతా నానబెట్టి
పాత షీలా గుడ్డలో వడగట్టి
గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క.
అద్దాలు తుడిచే సీసా ఏడుసార్లు కడిగి అందులో పోశా.
తెల్లదోమకు వేరే ఉపాయం:
పాలపొడి డబ్బా పసుపు మూతకు వ్యాసలీన్ రాసి
తీగకు వేలాడగట్టడం.
గాలికి అది ఊగుతుంటే
బాబా చిన్నకొడుకు గడియారమనుకున్నాడు.

పదిన్నరకు గిన్నెలయ్యాక నా వేట.
ఫోను లైటు నోట కరుచుకొని
ఆకు తిప్పడం, చూడటం, నలపడం.
అప్పుడు కనపడ్డాయి అవి.
నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు, ఆరు కాళ్లు,
బియ్యపు గింజంత దేహంలో
మొసలికున్నంత కోపం.
వీటి పిల్లలే ఈ పేనంతా అనుకున్నా.
మొదటి రాత్రి ఏడు. మర్నాడు పన్నెండు.
గోరు పచ్చబడింది. సబ్బుతో పోలేదు.
గెలిచినట్టే ఉండింది ఆ నిద్ర.

పక్కింటి తోటమాలి మొఖ్లేసు
గోడ మీదుగా మెడ చాచి అడిగాడు,
సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది చేతులతో:
"అక్కా, వీటినా చంపావు? ఇవి నీ మనుషులు."
గోడెక్కి వచ్చి ఒక ఆకు తిప్పి చూపించాడు.
అక్కడొక మొసలి పిల్ల
పేనును ముందరి కాళ్లతో పట్టుకొని
జొన్న కంకి తిన్నట్టు తింటోంది.
దాని పక్కన ఒక చిన్న గుల్ల చీలి
అప్పుడే బయటికొచ్చింది ఒకటి,
ఇంకా ఎరుపెక్కలేదు, చుక్కలు రాలేదు,
తడి తడిగా, పసుపు కలిపిన బియ్యపు గింజ.

అక్షింతల పురుగు.
చిన్నప్పుడు అరచేతిలో పాకించుకొని
ఎటు ఎగిరితే అటు పెళ్లికొడుకన్నవాళ్లమే.
పెద్దదాన్ని ఎరుగుదును.
దాని పసితనం ఎట్లుంటుందో ఎవరూ చెప్పలేదు,
నేనూ అడగలేదు.
పంతొమ్మిది.

ఆ రాత్రి సీసా వంగ దగ్గరికే తీసుకుపోయా,
ఎర్రనల్లి ఉన్న రెండాకులకు.
అలసందలో బాగా ముదిరిన చిగుళ్లు తుంచేశా,
తక్కినవి నీళ్లతో కడిగా.
గోడవైపు పాకిన తీగ ఒక్కటి ముట్టుకోలేదు.
పేనుంటేనే కదా వాటికి తిండి.
"ఇదేం సేద్యం, దొంగలకు మేత వేసి
పోలీసుల్ని పిలవడం" అని మొఖ్లేసే నవ్వాడు,
మళ్లీ తనే తల ఊపాడు.

నిన్న ఇసుక గాలి లేచింది.
మధ్యాహ్నానికే లైట్లు వేసుకున్నాం.
ఈ పొద్దున మొక్కలన్నీ బూడిద రంగు.
తడిగుడ్డతో ఒక్కో ఆకు తుడుస్తూ వచ్చి
గోడవైపు తీగ దగ్గర ఆగా.
ఆకు అడుగున పసుపు గుడ్లు,
నిలబెట్టి అతికించినట్టు, ఒక చిన్న గుంపు.
ఎన్నో లెక్కపెట్టలేదు. దిష్టి.

గుడ్డ పిండి ఆరేశా.
ఆ ఒక్క ఆకు మీద దుమ్ము అట్లే ఉంది.